సరిపెట్టని పెనాల్టీ

దీవెనమ్మ సంచిలో మొదట తువ్వాలు పెట్టింది. దాని మీద రెండు చొక్కాలు, ఒక పంచె, పళ్ళపొడి పొట్లం, చిన్నక్షరాల బైబిలు. ఆనందయ్య రెండో చొక్కాను బయటికి తీసి మంచం మీద పెట్టాడు. ఆమె దాన్ని మళ్ళీ మడిచి సంచి అడుగుకు తోసింది.

“పొద్దుగూకేలోపల వచ్చేదానికి ఇన్ని గుడ్డలేంటికి మ్మే?”

“ఈడికి రావాకు,” అంది ఆమె గొంతు తగ్గించి. కిటికీ మూసే ఉంది. అయినా ఆమె రెండు రోజులుగా అలాగే మాట్లాడుతోంది. “ప్రొద్దుటూరులో ఆ మాటేందో చెప్పేసి, ఆడ్నుంచి ఆడే దువ్వూరు బస్సెక్కు. తిమోతికి కబురు పంపినా. పది దినాలు వాని దగ్గరే ఉండు.”

తిమోతి ఆమె తమ్ముడు. దువ్వూరులో ఎలిమెంటరీ బడి పంతులు.

“బడికేం చెప్తావు?”

“జరమొచ్చిందని చీటీ రాసిస్తా. ఇరవయ్యేడేండ్లల్లో ఒక్కతూరి జరం రాగూడదా నీకు?”

ఆనందయ్య నవ్వబోయి ఊరుకున్నాడు. అతను జమ్మలమడుగులో మిషన్ బడి డ్రిల్లు మాస్టరు. యాభై రెండేళ్ళ మనిషి. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎండలో నిలబడీ నిలబడీ మెడ వెనక తోలు నల్లబడి గీతలు పడింది. కుడి మోకాలు ఉదయం పూట వంగదు. మంచం పట్టె పట్టుకుని రెండుసార్లు ఆడించాక గానీ లేవలేడు. బడిలో ఎవరినీ కొట్టడు, తిట్టడు. పలకరిస్తే తప్ప పలకడు. అతని గొంతు కంటే అతని విజిల్‌నే ఊరు ఎక్కువగా ఎరుగును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఎక్కడ ఫుట్‌బాల్ పోటీలు జరిగినా రెఫరీగా అతన్నే పిలిచేవారు. ఆటలో అతన్ని మించినవాడు లేడని కాదు. అతను ఏ పార్టీ మనిషీ కాడని. ఆ ఏళ్ళలో ప్రతి ఊళ్ళోనూ రెండు పార్టీలు ఉండేవి. నీళ్ళు తోడుకునే బావి, కూర్చునే టీ అంగడి, చివరికి గడ్డం గీసే మంగలి కూడా పార్టీని బట్టే. మిషన్ కాంపౌండులో పుట్టినవాళ్ళకు మాత్రం పొలాలూ లేవు, పగలూ లేవు. ఆనందయ్య తండ్రి ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. నరికినవాడికీ నరికించుకున్నవాడికీ ఒకే తాను నుంచి గుడ్డ చించి చుట్టేవాడు. కొడుక్కు ఆస్తిగా వచ్చింది ఆ పేరొక్కటే.

ఆ పేరు నిలుపుకోవడానికి ఆనందయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఒక జట్టుకు పెనాల్టీ ఇస్తే, ఆట ముగిసేలోగా రెండో జట్టుకూ ఒకటి ఇచ్చేవాడు. గోలు ముందు సున్నంతో గీసే పెద్ద పెట్టెను అక్కడ అందరూ డీ అంటారు. ఆ డీలో ఎవడో ఒకడు పడకపోడు, ఎవడి చెయ్యో ఒకటి బంతికి తగలకపోదు. దాన్ని సరిపెట్టడం అనేవాళ్ళు. ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు. చెరొకటి వస్తే ఎవరి మీసమూ కిందికి దిగదు. చూడవచ్చినవాళ్ళు ఒళ్ళు చెడకుండా ఇళ్ళకు చేరతారు. జట్టును గెలిపించడం రెఫరీ పని కాదనీ, జనాన్ని ఇంటికి చేర్చడమే పని అనీ అతను భార్యకు చాలాసార్లు చెప్పాడు.

శనివారం నాడు మాత్రం సరిపెట్టలేదు.

ఆ రోజు ప్రొద్దుటూరులో సెమీఫైనల్. జమ్మలమడుగు వైపు ఊరు ఎర్రమిట్ట ఒక జట్టు, పులివెందుల వైపు ఊరు వేపలకుంట ఇంకొకటి. మండలం ఎన్నికలు దగ్గరపడ్డాయి. రెండూళ్ళ పెద్దలూ చెరొక పార్టీ. ఆట చూడడానికి వచ్చినట్టు కాక, బలం చూపించడానికి వచ్చినట్టు జీపుల్లో దిగారు. ఇంక ఏడు నిమిషాల్లో ముగుస్తుందనగా ఎర్రమిట్ట ఆటగాడొకడు బంతితో డీలోకి దూసుకొచ్చాడు. వేపలకుంట బ్యాకు నారాయణ వెనక నుంచి కాలు అడ్డం పెట్టి పడేశాడు. నారాయణ ఆ ఊరి పెద్దాయనకు సొంత చెల్లెలి కొడుకు. ఆనందయ్య విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చాడు. ఆ ఒక్క గోలుతో ఎర్రమిట్ట గెలిచింది.

మిగిలిన ఏడు నిమిషాలూ అందరూ ఆనందయ్యనే చూశారు. వేపలకుంట ఆటగాడొకడు అవతలి డీలో, ఎవరూ తాకకుండానే, గాలి తోసినట్టు పడ్డాడు. పడి, చెయ్యి చాచి, రెఫరీ వైపు చూశాడు. అడిగినంత పని చేశాడు. అప్పుడు ఊదవలసింది. ఆనందయ్య పెదవుల మధ్య విజిల్ ఉంది, ఊపిరి కూడా ఉంది. ఊదలేదు.

ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి కాంపౌండు నాపరాతి గోడ పక్కన జీపు ఆగి ఉంది. దిగిన వేపలకుంట మనిషి దీవెనమ్మను మంచినీళ్ళు అడిగి, చెంబెడు తాగి, మూతి తుడుచుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు. “రేపు పదకొండు గంటలకు ప్రొద్దుటూరులో నూరుల్లా అంగట్లో పంచాయితీ సార్. పెనాల్టీ తప్పని మీరొక్క మాట చెప్తే మళ్ళీ ఆడుకుంటాం. లేదంటారా, మా పిల్లోళ్ళు మా మాట ఇనే మాదిరి ల్యారు.”

గంట తిరక్కుండా ఎర్రమిట్ట మనిషి సైకిలు మీద వచ్చాడు. “తప్పని గాని అంటివా సార్, మాది దొంగ గెలుపని అన్నట్లే. చూసుకో.” అతను నీళ్ళు కూడా అడగలేదు.

ఇప్పుడు ఆనందయ్య సంచి భుజానికి తగిలించుకుని గడప దాటాడు. పక్కింటి సారమ్మ వాకిలి చిమ్ముతూ తలెత్తింది. “యాడికి సార్, ఇంత పొద్దున్నే?”

బయలుదేరేవాణ్ణి యాడికి అని అడగకూడదు. శకునాలు మనకు లేవని పాస్టరు ఎన్ని ఆదివారాలు చెప్పినా దీవెనమ్మ భర్తను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసు నీళ్ళు ఇచ్చింది. అతను తాగాడు. గ్లాసు తీసుకుంటూ ఆమె అతని మణికట్టు పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు.

“బస్సులో కిటికీ పక్కన కూసోవాకు.”

“సరే మ్మే. పోయొస్తా.”

ఆమె గేటు దాకా రాలేదు. గేటు దగ్గర నిలబడి చూస్తే, అతను ఊరు విడిచిపోతున్నాడని వీధికంతా తెలిసిపోతుందని భయపడింది.

బస్సులో ఆనందయ్య నడిమి సీటులో ఇవతలి వైపు కూర్చుని, చలిగా ఉన్నట్టు తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడిలో పొద్దుతిరుగుడు పూలు తలలు వంచి ఉన్నాయి. వెనక నుంచి జీపు చప్పుడు వినపడినప్పుడల్లా అతని భుజాలు దగ్గరికి ముడుచుకుపోయేవి. జీపు దాటిపోయాక మళ్ళీ విచ్చుకునేవి. ముందు సీటులో ఇద్దరు రైతులు శనివారం ఆట గురించే పోట్లాడుకుంటున్నారు.

“గీతకు బయట్నే తగిలిచ్చినాడప్పా. వాడు పొల్లుకుంటా లోపలికి పోయినాడు.”

“నువ్వు జూసినావా?”

“మా బామ్మర్ది గోలు యెనకాలే ఉండె.”

“పొద్దుగూకితే మీ బామ్మర్దికి పెండ్లామే కనపడదు, సున్నం గీత కనపడిందా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొదటివాడికి కోపం వచ్చింది.

“లోపలో బయటో, ఒకటిచ్చినాక ఇంగోటి ఇయ్యల్లనా, వద్దా? ఎప్పుడూ సరిపెట్టేవాడే గదా ఆ మనిషి. ఈతూరి ఎర్రమిట్టోళ్ళు ఏం మందు పెట్టినారో!”

“డ్రిల్లు సారు అట్లాంటోడు గాదు.”

“గాకపోతే ఇట్లెందుకు జేసె? ఆడ పాపం వాడు ఎంత బాగా పడె! పెండ్లిలో కూడా అంత బాగా ఎవురూ పడరు కాళ్ళమీద.”

మళ్ళీ నవ్వులు. ఆనందయ్యకూ నవ్వు వచ్చింది, గొంతు దాకా. అంతలో కండక్టరు మహబూబ్ బాషా వచ్చి, అతని ముఖంలోకి వంగి చూసి, ఆప్యాయంగా గట్టిగా అడిగాడు. “ఏం డ్రిల్లు సార్, ప్రొద్దుటూరేనా?”

బస్సులో మాటలు ఆగిపోయాయి. ముందు సీటు రైతులు వెనక్కి తిరగలేదు. ఆనందయ్య పక్కన కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన కాసేపటికి దగ్గి, మూట చంకన పెట్టుకుని, “కొంచెం దారియ్యి సామీ,” అని లేచి, ముందుకు పోయి, ఖాళీ సీటు లేకపోయినా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఖాళీ చోటు పక్కన కూర్చుని ఆనందయ్య అసలు సంగతి తలచుకున్నాడు. అందరూ వాదించుకుంటున్న ఆ పెనాల్టీ గురించి అతనికి ఏ సందేహమూ లేదు. గీతకు రెండడుగుల లోపల కాలు తగిలింది. అతను చూశాడు. కానీ ఆ రోజు తప్పు ఒకటి జరిగింది. దాని గురించి మూడు తాలూకాలలో ఎవరూ మాట్లాడడం లేదు. మొదటి సగంలో, గోలులోకి పోతున్న బంతిని ఇదే నారాయణ చేత్తో నెట్టాడు. తల ఆనించినట్టు పైకి ఎగిరి, ముఖం పక్కనే చెయ్యి పెట్టి నెట్టాడు. జనానికి తలే కనిపించింది. రెఫరీకి చెయ్యి కనిపించింది. గోలు స్తంభాల వెనక భుజాల మీద తువ్వాళ్ళతో ఎనిమిది మంది వేపలకుంట మనుషులు నిలబడి ఉన్నారు. తువ్వాళ్ళ కింద ఏముందో తెలియదు. ఆనందయ్య తల తిప్పుకుని అవతలికి పరిగెత్తాడు.

తర్వాత ఆ గాలికి పడినవాడు చెయ్యి చాచినప్పుడు అతని పెదవులు ఎందుకు కదల్లేదో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళకు ఇవ్వవలసింది ముందే ఇచ్చేశాడు. ఆ సంగతి అతనికీ నారాయణకూ తప్ప ఎవరికీ తెలియదు.

నూరుల్లా దర్జీ. పోటీలకు కార్యదర్శి కూడా. అంగడి ముందే కాచుకుని ఉండి, ఆనందయ్యను చెయ్యి పట్టుకుని పక్క సందులోకి లాగాడు.

“సార్, ఒగే మాట. ఎండ కండ్లల్లో పడింది, సరిగా కనపడల్యా అను. సాయంత్రం అయిదుంపావు, పడమటి గోలు. ఎవురు కాదంటారు? ఎండకు పార్టీ ల్యా.”

“అంతేనా?”

“అంతే. ఇద్దరికీ మర్యాద మిగుల్తాది. మీరు ఇంటికి పోయి అన్నం తింటారు.”

ఆనందయ్యకు పొద్దున్నించి మొదటిసారి ఊపిరి ఆడింది. ఎండ పడింది, ఎండ పడింది అని రెండుసార్లు లోలోపల అనుకుని లోపలికి వెళ్ళాడు.

గుడ్డలు కత్తిరించే పెద్ద బల్లకు ఒక వైపు వేపలకుంట పెద్దాయన, ఆయన మనుషులు. ఇంకో వైపు ఎర్రమిట్ట సర్పంచు, అతని మనుషులు. నారాయణ వాకిలి దగ్గర ఒంటికాలి మీద గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. హాస్టలులో ఉండి మిషన్ బడిలోనే చదివాడు. బంతిని బొటనవేలితో కాదు, పాదం పక్కతో తన్నాలని అతనికి నేర్పింది ఆనందయ్యే.

నూరుల్లా సుద్దబిళ్ళతో బల్ల మీద డీ గీశాడు. బొత్తాల డబ్బా బోర్లించాడు. తెల్ల బొత్తాం నారాయణ, నల్లది పడినవాడు, ఎర్రది రెఫరీ.

“ఈడ తగిలిచ్చె,” అని ఎర్రమిట్ట సర్పంచు తెల్ల బొత్తాన్ని లోపల పెట్టాడు.

“ఈడ,” అని వేపలకుంట మనిషొకడు దాన్ని గీత బయటికి లాగాడు.

“నీ యిష్టమా? అది కోటు బొత్తాం, వాడు మనిషి. అంత దూరం ఎగర్తాడా?”

“మరి సారును ఈడ పెట్టినావేంది? సారు అంత దగ్గర్లో ల్యా.”

“సారును యాడ పెడితే ఏముందిలేబ్బా,” అన్నాడు సర్పంచు, “ఆయన ఎట్లైనా సరిపెట్టేవాడే గదా.”

రెండు వైపులా నవ్వారు. వేపలకుంట పెద్దాయన కూడా నవ్వి, చెయ్యెత్తి అందరినీ ఆపాడు. తెల్లని పంచె, తెల్లని చొక్కా, మెత్తని గొంతు.

“సార్, ఇచ్చింది తప్పని నేనన్లే. లోపలే గావచ్చు. మాకేదీ అంటాండా. ఇరవై ఏండ్లుగా మీ విజిల్ తక్కెడ మాదిరి. ఒకటి అటు, ఒకటి ఇటు. అది నిజంగా ఫౌలా కాదా అని మేమెప్పుడన్నా అడిగితిమా? మీరెప్పుడన్నా జూస్తిరా?”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు ఆ ఒక్క మాటకు కలిసి నవ్వారు. నూరుల్లా కూడా నవ్వాడు, పంచాయితీ చల్లబడుతోందన్న సంతోషంతో. ఆనందయ్య బల్ల మీద ఎర్ర బొత్తాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఎన్ని మైదానాలు, ఎన్ని ఎండలు, ఎన్నిసార్లు వాచిన మోకాలు. ఎవరూ అతను చూస్తాడని అనుకోలేదు. అతను ఆటను చూస్తున్నాడన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కడికీ పట్టలేదు.

“చెప్పండి సార్,” అన్నాడు నూరుల్లా. “ఎండ గదా?”

“ఎండ పడల్యా,” అన్నాడు ఆనందయ్య.

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఎండ పడల్యా. నేను జూసినా. గీతకు రెండడుగులు లోపల తగిలిచ్చినాడు. అది పెనాల్టీనే. మీకు రావాల్సింది నేను ముందే ఇచ్చేసినా. మొదటి సగంలో గోలులోకి పోయే బాలును నారాయణ చేత్తో నెట్టినాడు. తలతో గాదు, చేత్తో. అదీ జూసినా. గోలు యెనకాల మీ మనుషులు నిలబడినారని భయపడి ఊదల్యా.”

వాకిలి దగ్గర నారాయణ గోడకు ఆనించిన కాలు నేల మీద పెట్టి, ఆ కాలినే చూసుకుంటూ నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“అంటే రెండు పెనాల్టీలూ మాయే!” అని సర్పంచు లేచాడు. అతని మనుషులు అతన్ని వెనక్కి లాగి కూర్చోబెట్టారు.

వేపలకుంట పెద్దాయన మేనల్లుడి వైపు ఒకసారి చూశాడు. తర్వాత బొత్తాలన్నిటినీ అరచేత్తో దగ్గరికి తోసి, డబ్బాలో పోసి, మూత పెట్టాడు.

“మంచిది సార్,” అన్నాడు. “ఎవురూ అడక్కపోయినా చెప్పినారు. టీ తాగి పోండి.”

టీ వచ్చింది. ఆనందయ్య దాన్ని అలాగే బల్ల మీద పెట్టి, అందరికీ నమస్కారం చేసి బయటికి వచ్చాడు. నూరుల్లా బస్టాండు దాకా వెంట వచ్చాడు గానీ పక్కన నడవలేదు, నాలుగడుగులు వెనకే నడిచాడు.

“ఏం పని జేస్తివప్పా,” అన్నాడు చివరికి. “అడగందాన్ని ఎవురన్నా చెప్తారా? అల్లుణ్ణి మామ ముందర, పగోళ్ళ ముందర దొంగను జేస్తివి. గోలు యెనక మనుషుల్ని పెట్టినారని గూడా అంటివి. పో సార్, తొందరగా బస్సెక్కి పో.”

పొద్దున వచ్చిన బస్సే మధ్యాహ్నం దువ్వూరు మీదుగా మైదుకూరు పోతుంది. బస్టాండులో ఆనందయ్య ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకున్న ప్రతి మనిషినీ చూశాడు. తువ్వాలు భుజాన ఉన్న ప్రతి మనిషి చేతులూ చూశాడు. ఆకలి తెలియలేదు గానీ ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం ఒకటి కొన్నాడు. బస్సు కదిలి ఊరు దాటేదాకా దాన్ని విప్పలేదు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. కిటికీ పక్కనే చోటు దొరికింది. కాయలు ఒలిచి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటుంటే, చెప్పేశానన్న మాట మెల్లగా మనసులోకి దిగింది. దీవెనమ్మకు ఎలా చెప్పాలా అనుకున్నాడు. ఆమె తిడుతుంది. తిట్టి, మళ్ళీ చెప్పమంటుంది.

నాలుగు మైళ్ళు పోయాక బస్సు నెమ్మదించింది. రోడ్డు పక్కన మోటారు సైకిలు నిలబెట్టి ఒక మనిషి చెయ్యెత్తాడు. ఆనందయ్య కిటికీ నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత ముఖం కనిపించింది. నారాయణ. ఒక్కడే ఉన్నాడు. కిటికీ కిందికి వచ్చి తలెత్తి చూశాడు. ఎండకు కళ్ళు చిట్లించుకున్నాడు, పదమూడేళ్ళప్పుడు మైదానంలో నిలబడినట్టే.

“సార్, కొంచెం మాట్లాడల్ల.”

“చెప్పు నాయనా.”

“ఈడ గాదు సార్. దిగండి. మీరు పోయేకాడికి నేనే దింపుతా.”

రెండు రోజులుగా ఉన్న భయం ఆనందయ్యలో అప్పుడు కరిగింది. ఆ చెయ్యి సంగతి ఒకరు చెప్పకుండా తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. రెండోవాడు నిజం ఒప్పుకోవడానికి ఇంత దూరం వచ్చాడు. మామ ముందు చెప్పలేక రోడ్డు మీద కాచుకున్నాడు. ఆనందయ్య లేచి సంచి తగిలించుకున్నాడు.

“యాడికి సార్? దువ్వూరు ఇంగా దూరముంది,” అన్నాడు మహబూబ్ బాషా.

“నా శిష్యుడే బాషా. పోనియ్యి.”

అలా అంటూ అతను నవ్వాడని బాషా తర్వాత పోలీసులకు చెప్పాడు. భయపడినట్టు లేదు సార్, పెండ్లికి పోయేవాని మాదిరి దిగినాడు అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా వాళ్ళిద్దరూ పొద్దుతిరుగుడు చేను గట్టు మీద కనపడ్డారు. ముందు శిష్యుడు, వెనక కుంటుకుంటూ సారు. సీటు మీద సగం మిగిలిన శనక్కాయల పొట్లం మైదుకూరు దాకా పోయింది.

తిమోతి దువ్వూరులో ఆఖరి బస్సు దాకా నిలబడ్డాడు. పోలీసులు ఆ చేనూ, చుట్టుపక్కల బావులూ వారం రోజులు వెతికారు. తాను సారును అడ్డరోడ్డులో దింపి వెళ్ళిపోయానని నారాయణ చెప్పాడు. ఆటను మళ్ళీ ఆడించారు. బయటి ఊరి నుంచి వచ్చిన కొత్త రెఫరీ చెరొక పెనాల్టీ ఇచ్చాడు.

డ్రిల్లు మాస్టరు ఆనందయ్య ఆ బస్సు దిగింది 1987 ఫిబ్రవరి 16, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. తిరిగి రాలేదు.